అత్త ఊపిరి తీసేసిన పూట

ఆ ఉదయం మేనకోడలి పథకం చిన్నదే. బస్టాండులో అనౌన్సరుగా పనిచేసే మేనత్త గొంతు ఇంట్లో రికార్డు చేసి, సౌండ్ పాఠాలు చెప్పే మాస్టారికి పన్నెండులోగా పంపాలి. నచ్చితే తన స్టూడియోలో పని ఇస్తానన్నారాయన.

ఇరవై ఏళ్లుగా బస్సుల హారన్లను ఓడించిన గొంతది. అత్త మొదటి ప్రకటన చదవగానే కంప్యూటర్ తెరమీద శబ్దపు అలలు పైగీతకు గుద్దుకుని, తలలు తెగి చదునైపోయాయి. మైకుకు దూరంగా కూర్చోబెట్టి మళ్లీ చదివించింది. ఈసారి అలలు గీత దాటలేదు గానీ, మాటకీ మాటకీ మధ్య ఊపిరి చప్పుడు బుసలా వినిపించింది. అత్త సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్లిపోయింది.

మేనకోడలు మాస్టారికి ఫోన్ చేసింది. "మొదట అత్త తల తెగిపోయిందండీ. రెండోసారి బాగానే ఉంది గానీ, ఊపిరి ఒకటే గోల. అది తీసేసి పన్నెండులోగా పంపించేస్తాను."

అప్పుడే స్నానం చేసి వస్తున్న మామయ్య తలుపు అవతల కొయ్యబారిపోయాడు. వంటింట్లో భార్య లేదు. పడగ్గదిలోనూ లేదు. చెప్పుల్లేకుండా పక్కింటి నర్సు దగ్గరికి పరిగెత్తాడు.

"మీ అక్కయ్య... ఊపిరి..." అంటూ ఇంటివైపు చెయ్యి చూపించాడు.

ఆ సగం మాటనే నర్సు పూర్తిగా అర్థం చేసుకుంది. అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆ చేత్తోనే బస్టాండుకూ చేసింది. అరగంటలో వరండా నిండిపోయింది. బస్టాండు మేనేజరు ముక్కు చీదుతున్నాడు. ఒక డ్రైవరైతే ప్రయాణికులతో సహా బస్సునే తెచ్చేశాడు. చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకున్న మేనకోడలికి ఇవేవీ వినబడలేదు.

సంచీతో తిరిగొచ్చిన అత్త గుమ్మంలో గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో! ఎవరు పోయారు?"

"మీరేనండీ," అన్నాడు డ్రైవరు, ఏడుపు ఆపకుండానే.

ఆ తర్వాత అత్త వేసిన కేక హెడ్‌ఫోన్లను కూడా దాటింది. మేనకోడలు పరిగెత్తుకొచ్చి, సంగతి విప్పి, రికార్డు వినిపించేసరికి పన్నెండుంపావు. స్టూడియో పని చేజారింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేనేజరు మాత్రం ఇంకోసారి పెట్టించుకుని విన్నాడు. "ఇంత శుభ్రంగా ఉందేంటమ్మా! మన ప్రకటనలన్నీ నువ్వే ఇలా రికార్డు చేసిపెట్టు. జీతం మాట్లాడదాం. అక్కయ్యగారు ఇకపై విచారణ కౌంటర్లో హాయిగా కూర్చుంటారు."

అత్త అక్కడే కూర్చుంటోంది. "ఇందాకే కదా మైకులో చెప్పాను, వినలేదా?" అని వచ్చినవాళ్లందరినీ కసురుతోంది. ఆ రోజు ఆవిడ నోరు తెరవడం అదే మొదటిసారని చెప్పే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.