జీడిగింజల హాజరు

మనిషి కనిపెట్టిన వాటిలో నిప్పు తర్వాత అంతటిది హాజరు పట్టిక. దాన్ని జీడిగింజలకు వర్తింపజేసిన ఘనత నాచారంలోని విత్తు ప్రగతి కార్యాలయానిది.

అక్కడ మట్టి నింపిన మూడు వందల కవర్లలో జీడిగింజలు విత్తారు. పండుకు అంటుకున్న కొన నూరింటిలో పైకి, నూరింటిలో కిందికి, నూరింటిలో పక్కకు. ఏ తీరున పెడితే బాగా మొలుస్తాయో తేల్చాలి. విత్తింది చిల్కానగర్ బాలనర్సమ్మ. మొలకలొస్తే ఆమె పని మరో ఏడాది పొడిగిస్తామని అధికారి రామ్మోహనరావు మాటిచ్చారు (నోటితోనే, మాటకు ఫారం లేదు).

మూడో రోజు పై కార్యాలయం నుంచి హాజరు యాప్ వచ్చింది. ప్రతి గింజ ఫోటో రోజూ పంపాలి. కవరు ఫోటో పంపితే 'గింజ గైర్హాజరు' అంది. దాంతో రామ్మోహనరావు గింజలన్నీ తవ్వించి, ఫోటోలు తీసి, మళ్లీ పూడ్పించారు. రోజూ.

"సారూ, దినాం లేపి సూస్తే గింజ ఎట్ల మొలుస్తది?" అంది బాలనర్సమ్మ.

"మొలవకపోతే కారణం రాయడానికి గడి ఉందమ్మా. గైర్హాజరైతే ఆ గడి తెరుచుకోదు."

ఆమె విత్తగా మిగిలిన గింజల్ని రెండు రోజులు నానబెట్టి, తేలినవి పారేసింది. మునిగిన నలభైని నల్లా వెనక, కొన పైకి ఉంచి, రెండు వేళ్ల లోతున విత్తింది.

ఇరవై రోజులకు ముప్పై ఏడు మొలిచాయి. ఒక్కో గింజా రెండు బద్దలుగా విచ్చి, మట్టిని నెట్టుకుని పైకి లేచింది. మధ్యలో ఎర్రటి లేతాకులు. రామ్మోహనరావు నేల మీదే చతికిలబడి ఒక్కో ఆకునూ పలకరించారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన మొలకను చూడటం అదే మొదలట. కార్యాలయమంతటికీ మిర్చిబజ్జీలు తెప్పించారు. ఆ సంబరంలో ఫోటో పంపారు.

'ఈ మొక్కకు గింజ నమోదు లేదు' అంది యాప్.

మర్నాడు ఉప్పల్ నుంచి తనిఖీ అధికారిణి రాజశ్రీ వచ్చారు. ముప్పై ఏడూ పీకించి, వేళ్ల కింద వెతికించారు.

"కింద గింజ లేదే?"

"గింజే పైకొచ్చింది మేడం. గా రెండు బద్దలే గింజ."

"గింజ ఉండవలసిన చోటు భూమి లోపల అని ఉందమ్మా యాప్‌లో."

బాలనర్సమ్మ వాడిపోతున్న మొలకల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రామ్మోహనరావు తనిఖీ నివేదిక మీద సంతకం పెట్టారు.

కింద గింజ దొరకనందున ఆ ముప్పై ఏడూ మొలవలేదని తీర్మానమైంది. తవ్విన మూడు వందల గింజలకు నూరు శాతం హాజరు బహుమతి వచ్చింది. ఇరవై రోజుల్లో ఒక్క గింజనైనా మొలిపించలేకపోయిందని బాలనర్సమ్మను పనిలోంచి తీసేశారు.