చేపల బజారులో పంది కల

ఆ ఉదయానికి తేగ్యూ, మీరాన్ దంపతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. మొదటి బస్సులో జొన్‌జు నగరానికి వెళ్ళాలి. సంతాన వైద్యశాలలో మీరాన్ చేతినుంచి కాస్త రక్తం ఇవ్వాలి. ఎవరి కంటా పడకుండా సొంత ఊరు గున్‌సాన్ తిరిగివచ్చి ఎవరి పనిలో వారు కూర్చోవాలి. మధ్యాహ్నం ఫలితం చెప్పే ఫోను వచ్చేదాకా మామూలు మనుషుల్లా కనిపించాలి. అన్నీ సవ్యంగానే సాగాయి గానీ, ఆ చివరిది మాత్రం తేగ్యూ వల్ల కాలేదు. పొద్దుటినుంచీ తుడిచిన కళ్ళజోడునే తుడుస్తూ, వచ్చిన ప్రతి గిరాకీకీ రెండుసార్లు నమస్కారం పెడుతూ కూర్చున్నాడు.

అతని కళ్ళజోళ్ళ దుకాణం రేవు పక్కనున్న చేపల బజారు మొదట్లోనే ఉంది. బజారు మధ్యలో అతని తల్లి కుమ్‌నే కూరలూ పచ్చళ్ళూ అమ్ముతుంది. రెండేళ్ళ కిందట, మీరాన్ గర్భంలో తొలిసారి పిండాన్ని ఉంచిన రోజునే, సంతోషం పట్టలేక అతను అమ్మకు చెప్పాడు; అమ్మ బజారుకు చెప్పింది; బజారు ఊరికి చెప్పింది. తీరా కడుపు నిలవనప్పుడు, అదే వరసలో అంగడి అంగడికీ తిరిగి "లేదండీ" అని చెప్పుకోవలసి వచ్చింది. ఆపైన చాలా రోజులు మీరాన్ బజారులో అడుగుపెడితే చాలు, నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపేసేవారు. పొట్టమీద తీసుకున్న సూదులకన్నా ఆ నిశ్శబ్దమే ఆమెను ఎక్కువ గుచ్చింది. అందుకే రెండోసారి ఎవరికీ చెప్పలేదు. అదీ పోయినప్పుడు ఇద్దరే ఏడ్చి, ఇద్దరే నూడుల్స్ వండుకుని తిన్నారు. ఇది మూడోసారి. "మూడు నెలలు నిండేదాకా ఎవరికీ తెలియకూడదు. మీ అమ్మగారికి అసలే తెలియకూడదు" అని మీరాన్ మాట తీసుకుంది.

దుకాణం తెరిచిన కాసేపటికి అమ్మే ఫోను చేసింది.

"ఒరేయ్, ఒక్కడివే ఉన్నావా? తెల్లారుజామున కలొచ్చిందిరా. ఇంత పంది! బంగారంలా మెరిసిపోతోంది. తిన్నగా వంటింట్లోకి నడిచొచ్చి, నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. పొమ్మన్నా పోదే!"

తేగ్యూ చేతిలోని కళ్ళజోడు జారింది. పుట్టబోయే బిడ్డ ముందుగా అయినవాళ్ళ కలలోకి ఏ జంతువుగానో పండుగానో వచ్చి పలకరించి పోతుందని ఆ బజారులో నమ్మనివారు లేరు. అయితే పంది రెండు పనులమీద వస్తుంది: ఒక్కోసారి బిడ్డను తెస్తుంది, ఒక్కోసారి డబ్బు తెస్తుంది. ఆ కలను ఏదైనా ఇచ్చి కొనుక్కుంటే, అది తెచ్చే అదృష్టం కొన్నవారిదే.

"నిజం చెప్పు. మీ ఇంట్లో ఏమైనా విశేషమా?"

"లేదమ్మా."

"అస్సలు?"

"అస్సలు."

"సరేలే, అయితే డబ్బు పందే అన్నమాట" అని నిట్టూర్చి కుమ్‌నే ఫోను పెట్టేసింది. కాసేపటికి ఎండు చేపల దండ ఒకటి ఊపుకుంటూ దుకాణం ముందునుంచి వెళ్తూ, "కలను ఆ చేపలమ్మే మొక్‌పో దానికి అమ్మేశానురా. చూడు, ఎంత మంచి చేపలిచ్చిందో!" అని లోపలికి కేకవేసింది. మాట నిలబెట్టుకున్న గర్వం తేగ్యూ ఛాతీలో నిండింది. ఆ గర్వంతోనే మీరాన్‌కు ఫోను చేశాడు.

మీరాన్ పురపాలక నీటి శాఖలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగి. గాజు గొట్టంలో కనిపించనిది ఏదీ ఆమె లెక్కలోకి రాదు. భర్త చెప్పిందంతా వింది.

"మన కలని ఎండు చేపలకి అమ్మేయనిచ్చారా?"

"నువ్వు కలల్ని నమ్మవు కదా!"

"నమ్మను. రక్తం పొద్దున్నే ఇచ్చేశాం. ఫలితం ఈపాటికి గొట్టంలో ఉంది. పంది వల్ల మారేదేం లేదు."

"నేనూ అదే అంటున్నా."

"వెళ్ళి తీసుకురండి" అంది మీరాన్.

మొక్‌పో పిన్ని బజారులోకెల్లా పెద్ద గొంతు గల మనిషి. మొక్‌పోనుంచి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్ళయినా, పుట్టింటి ఊరి పేరుతోనే ఆమెను పిలుస్తారు. తేగ్యూ వెళ్ళేసరికి మంచుగడ్డల మీద చేపలు పేరుస్తోంది.

"కలా? ఇంకెక్కడి కల అబ్బాయ్! మిల్లు బాంగ్‌కి ఇచ్చేశా, సీసాడు నువ్వుల నూనెకి. లాటరీ కొంటాట్ట. అయినా నీకెందుకు పంది కల?"

"నాక్కాదు పిన్నీ. తెలిసినవాళ్ళకి."

"ఆడవాళ్ళా, మగవాళ్ళా?"

"ఆడవాళ్ళే."

చేపలు పేర్చే చేయి ఆగింది. "పెళ్ళయిందా?"

"అయింది."

"మొగుడికి తెలుసా?"

"తెలుసు పిన్నీ. అతను చాలా మంచివాడు."

"అవున్లే, మంచివాడై ఉండాలి మరి!" అని మొక్‌పో పిన్ని చేతిలోని చేపను ధనామని మంచు మీద విసిరింది. ఏదో పొరపాటు జరిగిందని తేగ్యూకు తోచింది. కానీ తాను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేకపోవడంతో, అదెక్కడ జరిగిందో తెలియలేదు.

బియ్యప్పిండి మిల్లు నడుపుతూ, శుభకార్యాలకు ఆవిరి రొట్టెలు చేసిచ్చే బాంగ్ గారు పందిని వదులుకోవడానికి సుతరామూ ఒప్పుకోలేదు.

"మీ అమ్మ ఒళ్ళోంచి లేచొచ్చి ఇంకా పూర్తిగా సర్దుకోనేలేదయ్యా అది. అప్పుడే ఎలా పంపిస్తాను?"

"మీకు చదువుకోడానికి కొత్త కళ్ళజోడు చేసిస్తాను బాబాయ్‌గారూ."

"ఎండలోకి నల్లద్దాలవి?"

"సరే."

"మా ఆవిడకి?"

"సరే."

"మా బావమరిదికి ఒక కన్నే సరిగ్గా కనపడదు."

"రెండో కన్ను కూడా చూస్తానండీ!"

అంత సులువుగా 'సరే' అనడమే అతని కొంప ముంచింది. బాంగ్ గారు కళ్ళు చికిలించి చూశాడు. "ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్నావంటే, గెలిచే నంబరేదో నీకు ముందే తెలిసిపోయిందన్నమాట!" అని వీధిలోకి వచ్చి మరీ అన్నాడు. నంబరు అన్న మాట వినగానే పీతల బుట్టవాళ్ళు, ఉప్పు చేపలవాళ్ళు పని వదిలి వచ్చారు. వాళ్ళను తోసుకుంటూ కుమ్‌నే వచ్చింది. ఆమె చేతిలోని గరిటెనుంచి ఎర్రటి కారం బొట్లుగా రాలుతోంది. ఆమె వెనకే, కబురు మోసిన మొక్‌పో పిన్ని.

"ఎవర్రా అది?" అంది కుమ్‌నే.

"ఎవరూ లేరమ్మా!"

"మీ ఇంట్లో విశేషం లేదంటివి. లేదన్నవాడివి కల కావాలని బజారంతా తిరిగితివి. మీ ఇంట్లో కాకపోతే ఇంకెవరింట్లోరా విశేషం? బంగారంలాంటి పెళ్ళాన్ని పెట్టుకుని ఇదేం పొయ్యేకాలంరా నీకు!"

ఆ తర్కంలో ఎక్కడా పగులు లేదు. ఒక్క మాట చెబితే తేగ్యూ బయటపడతాడు. కానీ ఆ ఒక్క మాటే చెప్పనని మీరాన్‌కు ఇచ్చిన మాట. నవ్వు ఆపేసిన ఆ ముఖాల మధ్య తలవంచుకుని నడిచిన మీరాన్ అతనికి గుర్తొచ్చింది. పరువు పోతే పోయింది, మూడు నెలలు నిండాక తిరిగి రావచ్చు. అతను తల్లికి జవాబివ్వకుండా బాంగ్ గారి వైపు తిరిగి, "కళ్ళజోళ్ళన్నీ మీవే. కల చెప్పడం మొదలుపెట్టండి. నేను పుచ్చుకుంటాను" అన్నాడు.

కలను పుచ్చుకోవాలంటే, ఇచ్చేవారు దాన్ని మొదటినుంచీ చెబుతుండగా ఒడి పట్టాలి. లాగు తొడుక్కున్న మగవాడికి ఒడి ఎక్కడిది? మొక్‌పో పిన్ని తన నడుముకున్న రబ్బరు ఏప్రాన్ విప్పి అతని మొహాన కొట్టింది. "ఇందులో పట్టుకో, సిగ్గులేనోడా!"

చేపపొలుసులు అంటుకున్న ఆ ఏప్రాన్‌ను మెడలో వేసుకుని, రెండు చేతులా అంచులు పట్టి, తేగ్యూ బజారు నడిమధ్య నిలబడ్డాడు. బాంగ్ గారు గొంతు సవరించుకుని, "తెల్లవారుజాము. వంటిల్లు. గడప అవతల ఇంత పంది, బంగారపు రంగు..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు తేగ్యూ చొక్కా జేబులో ఫోను మోగింది.

చేతులు వదిలితే ఒడి చెదురుతుంది. "పిన్నీ, కాస్త ఆపెయ్యవా!" అని వేడుకున్నాడు. మొక్‌పో పిన్ని ఫోను లాగి తడివేలితో ఎక్కడో నొక్కింది. అది ఆగలేదు సరికదా, స్పీకరులో మాట్లాడింది.

"తేగ్యూ గారాండీ? జొన్‌జు ఆసుపత్రినుంచి. మీరాన్ గారు ఫోను తియ్యట్లేదు. గర్భం నిలిచిందండీ. ఇప్పటికైతే అంతా బాగుంది. ఎల్లుండి మళ్ళీ ఒకసారి రక్తం ఇవ్వడానికి రండి. ఆవిణ్ణి బరువులు ఎత్తనివ్వకండి."

చేపల బజారులో మంచు కరిగి బొట్లుగా పడే చప్పుడు వినిపించడం బహుశా అదే మొదలు. కుమ్‌నే గరిటె మెల్లగా దిగింది. మొక్‌పో పిన్ని ముఖం మీద లెక్కలేవో ఒకదాని తర్వాత ఒకటి సరిపోతూ వచ్చాయి.

"అయితే ఆ పెళ్ళయినావిడ..."

"మా మీరానే పిన్నీ."

"మరి ఆ మొగుడు చాలా మంచివాడన్నావు కదరా!" అంది ఆమె కోపంగా, ఆ ఒక్కటే ఆమెకు ఇంకా మింగుడుపడలేదు.

గుంపు వెనకనుంచి దారి విచ్చుకుంది. సెలవు పెట్టి వచ్చేసిన మీరాన్ అక్కడే, అందరి వెనక నిలబడి ఉంది. మోగి మోగి ఆగిపోయిన ఫోను ఆమె చేతిలోనే ఉంది. అంతసేపూ దాన్ని తీసే ధైర్యం ఆమెకు చాలలేదు. ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకుంటున్న ముఖంతో ఆమె ముందుకు వచ్చింది.

"ఏవండీ, చేతులు దించండి."

"దించితే పంది పడిపోతుందేమో!"

మీరాన్ ఆ ఏప్రాన్ వైపు చూసింది. బాంగ్ గారి వైపు చూసింది. "ఎందాకా వచ్చింది?"

"గడప దగ్గరే ఉందమ్మా. ఇంకా లోపలికి రాలేదు."

"రక్తపరీక్షకీ దీనికీ ఏ సంబంధమూ లేదు" అంది మీరాన్ స్పష్టంగా. ఏ సంబంధమూ లేదని అందరూ తలలూపారు. అప్పుడామె భర్త పక్కన నిలబడి, ఏప్రాన్ అంచు ఒకటి తన చేతిలోకి తీసుకుంది. "మిగతాది చెప్పండి బాబాయ్‌గారూ."

పంది లోపలికి వచ్చింది, ఒళ్ళో తల పెట్టుకుంది, పడుకుంది. చెప్పడం ముగించి బాంగ్ గారు కళ్ళు తుడుచుకున్నాడు. "బిడ్డ కోసమని ముందే అంటే ఊరికే ఇచ్చేవాణ్ణి కదయ్యా!"

"అయితే ఆ కళ్ళజోళ్ళు..."

"అవి ఒప్పుకున్నాం కదా" అన్నాడు బాంగ్ గారు.

నవ్వులు సద్దుమణిగాక మీరాన్ చుట్టూ చూసింది. మళ్ళీ అందరికీ తెలిసిపోయింది. "మూడు నెలలదాకా ఎవరికీ... ఒకవేళ మళ్ళీ..." అని ఆగిపోయింది. ఆ ఆగిన మాట అందరికంటే ముందు మొక్‌పో పిన్నికే వినబడినట్టుంది. చేపల పెట్టె ఎక్కి నిలబడి, "ఏమర్రా! ఇక్కడెవరైనా ఏమైనా విన్నారా?" అని అరిచింది.

"ఏం వినలేదు!" అంది బజారు.

"ఏ ఫోను? ఎవరి ఫోను?" అని అందరికంటే గట్టిగా అరిచింది కుమ్‌నే.

ఆనాటినుంచి ఆ బజారు తన జీవితంలో ఎన్నడూ చేయని పని చేసింది: తెలిసినదాన్ని దాచింది. దుకాణం తెరిచేసరికి గుమ్మంలో తొక్క తీసిన పియర్ పళ్ళుండేవి. పెట్టినవారు మాత్రం ఉండేవారు కాదు. ఉప్పు చేపల పీపాలు, వాటి వాసన మీరాన్‌కు తగలకుండా, గాలివాలు చూసుకుని అవతలి వరసకు తరలిపోయాయి. మీరాన్ కనబడితే అందరూ వానల గురించి మాట్లాడేవారు, ఎండ కాస్తున్నా సరే. నవ్వుతున్నవారు ఆమెను చూసి నవ్వు ఆపలేదు. ఇంకాస్త గట్టిగా నవ్వారు. కుమ్‌నే అవస్థ మాత్రం చూడలేకపోయేవారు. రోజూ కొడుకు దుకాణం దాకా వచ్చి, నోరు తెరిచి, ఆ నోట్లో ఒక ముల్లంగి పచ్చడి ముక్క వేసుకుని వెళ్ళిపోయేది.

మూడు నెలలు నిండిన మర్నాడు, తేగ్యూ, మీరాన్ ఇద్దరూ ఆవిరి రొట్టెల పెట్టెలు పట్టుకుని అంగడి అంగడికీ తిరిగి శుభవార్త చెప్పారు. బజారంతా నివ్వెరపోయింది. పీతలవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. మొక్‌పో పిన్ని చేతిలోని చేప జారవిడిచి, అది సరిపోలేదనిపించి ఇంకోటి కూడా జారవిడిచింది. కుమ్‌నే "నిజమా!" అని మొదలుపెట్టి, మధ్యలో నిజంగానే ఏడ్చేసింది.

బాంగ్ గారు మాత్రం ఏమంత ఆశ్చర్యపోలేదు. రొట్టెలు కావాలని ముందురోజే చెప్పి వెళ్ళారు గనుక, ఆయన తన వంతుగా అప్పుడే ఆశ్చర్యపోయి ఉన్నాడు.