బంకమ్మకు ఎండుద్రాక్ష

ఆ ఇంట్లో పిల్లకు పెట్టిన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తల్లి కొంగు వదలదు కనుక అందరూ బంకమ్మ అనే అంటారు. తల్లి స్నానానికి వెళ్తే తలుపు బయట శోకాలు. చెత్త పారేయడానికి వెళ్తే వీధంతా వినబడేలా శోకాలు.

ఇన్నాళ్ళూ తల్లికి అదీ ఒక మురిపెమే. కానీ సోమవారం నుంచి ఆమె దర్జీ దుకాణంలో కాజాలు కుట్టే పనికి వెళ్ళాలి. చదువు మధ్యలో ఆగిపోయిన మనిషిని పిలిచి పనిస్తామన్నది వాళ్ళొక్కరే. పిల్లను అత్తగారు చూస్తారు. పిల్ల చూడనిస్తే.

భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. కామాలు ధారాళంగా పెడతాడని అక్కడ కామాగారంటారు. ఏ పుస్తకం దిద్దితే ఆ నెలంతా అందులో పండితుడు. పోయినసారి వంతెనల పుస్తకం దిద్ది ఇంట్లో అటక కూల్చాడు. ఈసారి మనస్తత్వశాస్త్రం.

మనసులో ఏముందో మనకనవసరమట. మంచి పని చేసిన మరుక్షణం ఏదైనా పెడితే, పిట్టయినా పిల్లయినా మళ్ళీ ఆ పనే చేస్తుందట. దాన్ని ప్రవర్తనావాదమంటారట, పెట్టడాన్ని పునర్బలనమంటారట. బలానికైతే ఎండుద్రాక్ష మంచిదేనని అత్తగారు డబ్బా తీసిచ్చారు.

“అలవాటయ్యాక మాన్పించడమెలా?” అని ఆమె అడిగింది.

“అది నాకు రాలేదోయ్. ఆ పేజీలున్న ఫారాలు పక్క టేబులాయన దిద్దుతున్నాడు.”

ప్రయోగానికని ఆమె గుమ్మం దాటింది. పిల్ల ఏడుపందుకుంది. ఊపిరి తీసుకోవడానికి ఆగిన ఆ రవ్వంత సందులో కామాగారు దాని నోట్లో ఒక ఎండుద్రాక్ష వేశాడు. నములుతూ ఏడవడం కష్టమని పిల్లకు అప్పుడే తెలిసింది. సాయంత్రానికల్లా లెక్క కుదిరిపోయింది: అమ్మ బయటుంటే నోట్లో తీపి.

మర్నాడు ఆమె బట్టలు మడతపెడుతుంటే బంకమ్మ వచ్చి, రెండు చేతులతో నెట్టుకుంటూ గుమ్మం దాటించింది. “అమ్మా, పో,” అని తలుపేసింది. లోపల తండ్రి చప్పట్లు. ఏడవాల్సిన పిల్ల నవ్వుతుంటే, ఆ ఏడుపు ఆగాలని తపించిన తల్లి చెప్పుల్లేకుండా మెట్ల మీద నిలబడి కళ్ళొత్తుకుంది. ఎదురింటి పిన్నిగారు చూసి, మొగుడు గెంటేశాడనుకుని, ఏమీ అడక్కుండా స్టూలు తెచ్చి వేసింది.

“అది నన్ను గెంటేస్తోందండీ,” అంది ఆమె, లోపలికొచ్చాక భర్తతో.

గెంటడం కాదనీ, నేర్చుకోవడమనీ ఆయన సర్దిచెప్పాడు. మనసనవసరమన్న పుస్తకం రాసినవాడు ఏ తల్లినీ చూసి ఉండడని ఆమె గొణుక్కుంది.

ఆదివారం పిల్ల వ్యాపారం పెంచింది. ముందు తల్లి బయటికి. వెనకే, చేతిలో కత్తిపీటతో అత్తగారు. ఆఖరున సగం చెంపకు సబ్బు నురగతో కామాగారు. తర్వాత కింది గడియ టక్కుమంది. లోపల డబ్బా గలగలలాడింది.

“బంగారూ, తలుపు తీస్తే ఎండుద్రాక్ష పెడతా,” అన్నాడు తండ్రి.

“డబ్బా దాని దగ్గరే ఉందికదరా,” అన్నారు అత్తగారు.

గుప్పెడు ఒకేసారి మింగితే గొంతుకడ్డం పడదూ అని తల్లికి భయం. అయినా గొంతు మామూలుగానే ఉంచి, తలుపు సందు దగ్గర కూర్చుంది.

“అమ్మను మళ్ళీ గెంటవూ?”

“ఊఁ.”

“నేను లోపల లేనుగా తల్లీ. లోపలికొస్తేనేగా గెంటుతావు.”

లోపల నమలడం ఆగింది. గడియ తీసిన చప్పుడైంది. ఆమె పిల్లను ఎత్తుకుని, ముందు నోట్లోవి ఉమ్మించి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంది.

సోమవారానికి డబ్బా ఖాళీ. సంచి భుజాన వేసుకుని, ఆమె భయపడుతూనే గుమ్మం దగ్గర నిలబడింది. బంకమ్మ వచ్చి అలవాటుగా బయటికి నెట్టింది. తలుపు వేయబోయి, సందులోంచి తల పెట్టి, “మళ్ళా రా, గెంటుతా,” అంది.

దగ్గరుండి గమనిద్దామని సెలవు పెట్టిన కామాగారినీ నెట్టేసింది. ఇద్దరూ మెట్లు దిగుతున్నారు.

“నిన్న తలుపు తీయించిన ఆ కిటుకు ఏ పుస్తకంలోదోయ్?” అన్నాడాయన.

“పుస్తకమేమిటండీ. మీరలిగి గదిలో గడియ పెట్టుకున్నప్పుడల్లా, ‘నన్నింకో నాలుగు తిట్టాలంటే తలుపు తీయాలిగా’ అంటాను. పెళ్ళయిన కొత్తలో అత్తగారు నేర్పారు. మీకు ఊహ తెలిసినప్పట్నుంచీ వాడుతున్నారట.”

కామాగారు రెండు మెట్లు వెనకే ఆగిపోయి ఆలోచించాడు. తర్వాత వచ్చి, ఆమె భుజం మీది సంచి తను అందుకున్నాడు.