బడిని కాపాడిన రోజు

తన చదువు ఏడో తరగతిలో ఆగినట్టు కూతురు నందిని చదువు మూడో తరగతిలోనే ఆగిపోతుందేమోనన్నది హేమలతకు అన్నిటికంటే పెద్ద భయం. ఈ భయం గురించి ఎవరికి అర్జీ పెట్టుకోవాలో ఆమెకు తెలియదు. అదృష్టవశాత్తూ ఉపాధ్యాయ సంఘానికి తెలుసు.

ముద్దనూరు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డు పక్కన వాళ్ళ పల్లె. బడిలో ఇరవై ఒక్క మంది పిల్లలు, ఒక్కడే సారు, నారాయణ. అసెంబ్లీ ముందుకొచ్చిన కొత్త బిల్లు ప్రకారం ఇరవై మందికి తగ్గిన బడిని మూసి, పిల్లలను మూడు కిలోమీటర్ల అవతలి పెద్ద బడికి పంపాలి. మధ్యలో రోడ్డు, రోడ్డు నిండా థర్మల్ ప్లాంటు బూడిద లారీలు. బిల్లులో దీనికి ‘మెరుగైన అభ్యసన వాతావరణం’ అని పేరు పెట్టారు.

సంఘం ఈ బిల్లును తీవ్రంగా వ్యతిరేకించింది. వ్యతిరేకించే బిల్లును చదవడం సంఘ సంప్రదాయం కాదు. ప్రొద్దుటూరులో కార్యవర్గం కూర్చొని పద్నాలుగు డిమాండ్లు రాసింది. బదిలీలతో మొదలై, పదోన్నతుల మీదుగా సాగి, పద్నాలుగో చోట ‘బడుల పరిరక్షణ, వగైరా’ దగ్గర ముగిసింది. జమ్మలమడుగులో పద్దెనిమిదో తేదీ శుక్రవారం మహా ర్యాలీ అన్నారు. ఆదివారం పెడదామని ఒక కొత్త సభ్యుడు అన్నాడు గానీ, సెలవు రోజు సార్లు ఎవరొస్తారని పెద్దలు మందలించారు.

హేమలత బడి తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షురాలు. ఎన్నిక రోజు మగవాళ్ళంతా గొర్రెల వెంట పోయి ఉండడమూ, మిగిలినవాళ్ళలో తడబడకుండా సంతకం చేసింది ఈమె కావడమూ అందుకు కారణాలు. బడి గోడకు అంటించిన బిల్లు నకలును ఆమె రెండు రోజులు నిలబడి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. జిల్లాలో దాన్ని చివరిదాకా చదివిన మనిషి ఆమె ఒక్కతేనని మా అంచనా. చదివి నేరుగా నారాయణ సారు దగ్గరికి పోయింది.

“సార్, పద్దెనిమిదో తారీకు బడిలో ఎంతమంది పిల్లోల్లుంటే అదే లెక్కంట. ర్యాలీ గూడా ఆ పొద్దే గదా.”

నారాయణ సారు మంచివాడు. చదువు కూడా చెప్పేవాడు. “అదంతా పైవాళ్ళు చూసుకుంటార్లేమ్మా. మన బడి కోసమే గదా పోతాండేది. పిల్లోల్లు ముందర నడిస్తే టీవీలోళ్ళు బాగా తీస్తారు.”

“పిల్లోల్లను ఈడనే పెట్టి మనం పోదాం సార్.”

“నేను పోతే బడి తెరిసేదెవురు?”

మధ్యాహ్న భోజనం వండే బిస్మిల్లా బీ గుడ్ల బుట్ట పట్టుకొని ఆ మాటలే వింటోంది. “బడిని కాపాడేదానికి బడికి బీగమేస్తాండాం. శానా బాగుండాది హేమా. గుడ్లు ఆడికే తేవాల్నా?”

“తేవాలంటక్కా.”

ర్యాలీ దిగ్విజయంగా జరిగింది. పులివెందుల శాఖ బ్యానరు ముందుండాలా, ప్రొద్దుటూరు శాఖ బ్యానరు ముందుండాలా అన్న విధానపరమైన చర్చ ముక్కాలు గంట నడిచింది. చివరికి రెండూ పక్కపక్కన పట్టుకోవడంతో వెనకనున్న పిల్లలు ఏ టీవీకీ కనబడలేదు. జిల్లా నాయకుడు చిన్నసుబ్బయ్య మైకు అందుకున్నాడు. “ఈ పసిబిడ్డల కన్నీరు చూడండి. ఒక్క బిడ్డ చదువు ఆగినా ఈ సంఘం చూస్తూ ఊరుకోదు.” నందిని ఆ సమయంలో గుడ్డు తింటోంది. చిన్నసుబ్బయ్య గారి బిడ్డలకు ప్రొద్దుటూరు ప్రైవేటు బడిలో పరీక్ష ఉన్నందువల్ల వాళ్ళు పోరాటంలో పాల్గొనలేకపోయారు.

అదే గంటలో లెక్క తీసే అధికారి పల్లెకు వచ్చి, బీగం చూసి, ‘విద్యార్థులు: సున్న’ అని రాసుకొని పోయాడు.

పది రోజులకు రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి బిల్లు గెలవగానే బడి మూస్తామని, రెండోది చెప్పకుండా బడి మానినందుకు నారాయణ సారుకు నోటీసు. సంఘం రెండింటినీ క్షుణ్ణంగా పరిశీలించి రెండోదాని మీద ఉద్యమించింది. ఉపాధ్యాయుల ఆత్మగౌరవం అన్నారు. తొమ్మిది రోజులు దీక్షలు చేశారు. ప్రభుత్వం దిగొచ్చింది. ర్యాలీకి పోయిన ఉపాధ్యాయులందరూ ఆ రోజు తమ తమ బడుల్లోనే విధుల్లో ఉన్నట్లు పరిగణించవలెనని ఉత్తర్వు వెలువడింది.

ప్రొద్దుటూరులో విజయోత్సవ సభ. హేమలతకు ‘పోరాట మాత’ అని శాలువా కప్పారు. నారాయణ సారు కుర్చీలో తల వంచుకొని ఫోను చూసుకుంటున్నాడు. హేమలత మైకు ముందు నిలబడి ఒక్కటే అడిగింది.

“ఆ పొద్దు సారు బడిలోనే ఉన్నెట్టు రాసినారు గదా సార్. సారెంబడే ఉన్న పిల్లోల్లు యాడున్నెట్టు?”

చిన్నసుబ్బయ్య నవ్వి, “అమ్మా, విద్యార్థుల హాజరు మన సంఘ నియమావళి పరిధిలోకి రాదు” అన్నాడు. చప్పట్లు మోగాయి.

ఆ విధంగా రికార్డు సరిగ్గా కుదిరింది: పద్దెనిమిదిన బడి తెరిచే ఉంది, సారు వచ్చాడు, పిల్లలే రాలేదు. ఉపాధ్యాయుడున్నా ఒక్క బిడ్డ రాని బడులు ఎందుకని అసెంబ్లీలో ఎవరో అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతోనే బిల్లు గెలిచింది. నారాయణ సారుకు ప్రొద్దుటూరులో కోరుకున్న బడి దొరికింది.

మొదటి వారం ఆరుగురు ఆడపిల్లలు పెద్ద బడికి నడిచారు. రెండో నెలకు నందిని ఒక్కతే. హేమలత పొద్దున్నే చెయ్యి పట్టుకొని రోడ్డు దాటిస్తుంది, ఆ తర్వాత కూలికి పోవాలి. దాటించాక ఆ మూడు కిలోమీటర్లలో ఏమవుతుందో సాయంత్రం దాకా ఆమెకు తెలియదు.

మీ బిడ్డలు ఏ బడిలో చదువుతున్నారని మేము అడగము, అది మర్యాద కాదు. వాళ్ళను దించడానికి ఎనిమిదిన్నరకు మీ కారు ఆ రోడ్డు మీదే పోతుంది గనుక ఒక చిన్న మనవి. బూడిద లారీల పక్కన పెద్ద సంచీ మోసుకుంటూ ఒక పాప నడుస్తుంటుంది. అద్దం దించక్కర్లేదు, దుమ్ము పడుతుంది. పాప ఉందో లేదో చూస్తే చాలు. కనబడని రోజు మాత్రం బండి ఆపి, పల్లెలోకి పోయి, నందిని యాడుందని ఒక మాట అడగండి.