మా బురుల్చా ఎజే ఎదిగిన విధం

మా జిల్లాలో ఇకనుంచి ప్రతి టీచరూ ఎదిగి తీరాలని జిల్లా విద్యాధికారి తుర్సునాలీ అగాయ్ ఫిబ్రవరిలో ప్రకటించారు. ఎదగడానికి ఆఖరు తేదీ మే ఇరవై. ఎదగడం ఇష్టంలేనివాళ్ళు ఉద్యోగం మానుకోవచ్చు, బలవంతమేమీ లేదు.

కబురు మా ఊరి బడికి ఫోనులో వచ్చింది. మా బడి పెద్ద, డైరెక్టరు ఎసెన్ అగాయ్ లేచి నిలబడి, టోపీ సర్దుకుని విన్నారు. మా వైపు మాస్టార్లను అగాయ్ అనీ, టీచరమ్మలను ఎజే అనీ అంటారు; పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడరు, ఫోనులో అయినా సరే.

తుర్సునాలీ అగాయ్‌ది మామూలు బుర్ర కాదు. రాజధానిలో ఏదో సెమినారుకు వెళ్తే, పిల్లలు తమంతట తామే కనుక్కోవాలి, టీచరు తక్కువ మాట్లాడాలి అని చెప్పారట. తక్కువంటే ఎంతో వాళ్ళు చెప్పలేదు. ఆ లోటు మా అగాయ్ తీర్చారు. నలభై అయిదు నిమిషాల పీరియడులో టీచరు పన్నెండు నిమిషాలు మాట్లాడితే మూడో గ్రేడు, ఎనిమిదైతే రెండు, నాలుగైతే ఒకటి. నాలుగు దాటకుండా మాట్లాడినవాళ్ళు మిగతా టీచర్లకు శిక్షణ ఇస్తారు. పన్నెండు దాటినవాళ్ళు ఇంటికి వెళ్తారు. కొలవడానికి గుర్రప్పందేల వాళ్ళను అడిగి ఒక స్టాప్‌వాచీ తెప్పించారు.

మా డ్రిల్లు మాస్టారు అందరికంటే ముందు ఎదిగారు. ఆయన ఈల తప్ప ఏమీ వాడరు. ఈలను మాట కింద లెక్కకట్టాలా వద్దా అని జిల్లా కమిటీ గంటన్నర చర్చించి, వద్దని తీర్మానించింది.

చిక్కంతా మా లెక్కల టీచరు బురుల్చా ఎజేతోనే. ఆమె నలభై అయిదు నిమిషాలూ మాట్లాడుతుంది. అర్థం కాలేదంటే మళ్ళీ చెబుతుంది. గంట కొట్టాక గుమ్మంలో నిలబెట్టి చెబుతుంది. ఇరవై రెండేళ్ళలో ఆమె దగ్గర చదివి పరీక్ష తప్పినవాళ్ళు లేరు. పాతకాలపు పద్ధతులు ఎంత గట్టిగా పాతుకుపోయాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

తొమ్మిదో తరగతిలో మేం తొమ్మిది మందిమి. జూన్‌లో లెక్కల పరీక్ష. అది గట్టెక్కితే నేను నరీన్ పట్నం వెళ్ళి నర్సింగులో చేరతాను. తప్పితే నాన్నతో గొర్రెల వెనక కొండమీదికి వెళ్తాను. ఒకే ఒక్క పాఠం మిగిలింది, వర్గ సమీకరణాలు. పరీక్షలో సగం అందులోంచే వస్తుంది.

ఆ పాఠం మొదలుపెట్టే రోజున ఎజేని డెబ్బై రెండు గంటల శిక్షణకు జిల్లా కేంద్రానికి పంపారు. రెండు వారాల తర్వాత చాలా ఎదిగి వచ్చింది. బోర్డు మీద ఒక సమీకరణం రాసి, కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

“ఎజే, ఏం చేయాలి?” అంది నా పక్కన కూర్చునే ఉల్పెత్.

“కనుక్కోండి.”

“ఎలా?”

“మీలో మీరు.”

“మాలో ఎవరికీ రాదు ఎజే.”

ఎజే నోరు తెరిచింది, మూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి అక్కడున్న మొక్కకు నీళ్ళు పోసింది. ఆ మొక్క అప్పటికి నెల కిందటే ఎండిపోయింది.

“పాపం, ఆవిడకి ఒంట్లో బాలేదేమోనే,” అంది ఉల్పెత్.

“ఎదుగుతోంది,” అన్నాను.

మే పద్దెనిమిదిన కమిటీ వచ్చింది. తుర్సునాలీ అగాయ్, ఆయన వెంట స్టాప్‌వాచీ పట్టుకున్న ఒక మెథడిస్టు, అంటే బోధనా పద్ధతులు తనిఖీ చేసే ఉద్యోగి. ఊరివాళ్ళు పొద్దున్నే గొర్రెను కోశారు. క్లాసులో వెనక బల్ల మీద తివాచీ పరిచి వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టాం.

ఎజే నన్ను బోర్డు దగ్గరికి పిలిచింది. నేను ఎప్పుడూ చెయ్యెత్తను. నలుగురిలో నా పేరు నేను చెప్పుకోవాలన్నా గొంతు పెగలదు. అందుకే నన్ను పిలిచిందని తర్వాత అర్థమైంది. నేనైతే ప్రశ్నలు వేయను.

వర్గమూలం గుర్తు కింద మైనస్ ముప్పై ఆరు వచ్చింది. ఆ మైనస్‌ను ఏం చేయాలో నాకు తెలియదు. చాక్‌పీసు పట్టుకుని ఎజే వైపు చూశాను. ఆమె మెడ మీద నరం తాడులా ఉబ్బింది. ముఖం కందగడ్డలా అయింది. మెథడిస్టు వేలు బటన్ మీద ఉంది. నేను మైనస్‌ను చెరిపేసి, ఆరు అని రాశాను. ఎజే కళ్ళు మూసుకుంది.

“మూడు నిమిషాల పది సెకన్లు,” అన్నాడు మెథడిస్టు.

తుర్సునాలీ అగాయ్ లేచి చప్పట్లు కొట్టారు. “చూశారా, ఆ అమ్మాయి స్వయంగా ఒక జవాబు కనుక్కుంది.”

“ఆ జవాబు...” అంది ఎజే.

“మూడు నిమిషాల పన్నెండు,” అన్నాడు మెథడిస్టు.

భోజనాల దగ్గర ఆచారం ప్రకారం గొర్రె తలకాయను పెద్ద అతిథి తుర్సునాలీ అగాయ్ ముందు పెట్టాం. ఆయన కత్తి తీసి పంచడం మొదలుపెట్టారు. చెవి చిన్నపిల్లలకిస్తారు, పెద్దల మాట వినాలని. నాలుక మాటరానివాళ్ళకిస్తారు, నోరు తిరగాలని.

“అగాయ్, ఆ నాలుక ముక్క మా సయ్కల్‌కి పెట్టండి. నలుగురిలో నోరు విప్పదు,” అంది అమ్మ నన్ను ముందుకు తోసి.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “బంగారం లాంటి పిల్లమ్మా. ఎందుకు చెడగొట్టడం?” అని నాలుక తానే తిన్నారు. తిని ముప్పావు గంట ప్రసంగించారు. ఎవరూ కొలవలేదు.

జిల్లా శిక్షకురాలిగా బురుల్చా ఎజేని ఆ సాయంత్రమే కారులో తీసుకెళ్ళిపోయారు. కారు అద్దం దించి, “సయ్కల్, ఆ మైనస్...” అంది.

“ఎజే, మీరిప్పుడు ఒకటో గ్రేడు,” అన్నాడు మెథడిస్టు. అద్దం పైకెక్కింది.

జూన్ పరీక్షలో అలాంటి లెక్కలే అయిదు వచ్చాయి. తొమ్మిది మందిమీ మైనస్‌ను చెరిపేశాం. తొమ్మిది మందిమీ తప్పాం. అందరూ ఒకే జవాబు కనుక్కోవడం జిల్లాలో ఇదే మొదటిసారి అని విద్యాశాఖ అభినందన పత్రం పంపింది. దాన్ని ఎసెన్ అగాయ్ చట్రం కట్టించారు.

నేను కొండెక్కాను. ఆగస్టులో ఒకరోజు పాలు పితుకుతుంటే ఎసెన్ అగాయ్ గుర్రమ్మీద వచ్చారు. కుమిస్, అదే పులిసిన గుర్రప్పాలు, రెండు గిన్నెలు తాగి, జేబులోంచి కాగితం తీశారు.

“బడిలో లెక్కలు చెప్పేవాళ్ళు లేరమ్మా. తుర్సునాలీ అగాయ్ నీ పేరు రాశారు.”

“నేను లెక్కల్లో తప్పాను కదా అగాయ్.”

“తెలుసు. అందుకే. తెలిసినవాళ్ళు మాట ఆపుకోలేకపోతున్నారట. తెలియనివాళ్ళకు ఆ బాధ లేదు.”

“ఏంటి, ఇది టీచరా?” అన్నాడు నాన్న గొర్రెల మధ్యలోంచి.

“ముందు డెబ్బై రెండు గంటల శిక్షణ ఉంటుంది,” అన్నారు ఎసెన్ అగాయ్. “బురుల్చా ఎజే ఇస్తుంది.”

ఆ మాటకే ఒప్పుకున్నాను. ఈసారి ఎలాగైనా నోరు విప్పి అడగాలని దారంతా ఒకే వాక్యం వల్లె వేసుకుంటూ జిల్లా కేంద్రానికి వెళ్ళాను.

హాల్లో నలభై మంది టీచర్లున్నారు. తుర్సునాలీ అగాయ్ వెనక వరసలో కూర్చున్నారు. ఎజే వచ్చింది. కాస్త చిక్కింది. అందర్నీ చూసింది, నన్ను కొంచెం ఎక్కువసేపు చూసింది.

నేను లేచి నిలబడి, చెయ్యెత్తి, ఆ మైనస్‌ను ఏం చేయాలి ఎజే అని అడిగాను. గొంతు బాగానే పెగిలింది. హాలంతా వినపడింది.

“కూర్చో,” అంది ఎజే.

మళ్ళీ మాట్లాడింది సాయంత్రం అయిదింటికే, అందర్నీ లేవమని. తుర్సునాలీ అగాయ్ ఆనందం పట్టలేక రుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు.