ఒక చొక్కాకు ఒక బాబిన్

లోకంలో ఏ పనైనా నిలబడేది పైకి కనపడే దారం వల్ల కాదు, కింద కనపడకుండా నడిచే దారం వల్ల. ఆ పనిని పడగొట్టడానికి మాత్రం నలుగురికీ కనపడే మనిషి ఒకడు కావాలి. మా దుకాణంలో ఆ కొరతను మా బావమరిది తీర్చాడు.

దుకాణమంటే పెద్దగా ఊహించుకోవద్దు. కింద గదిలో ఒక ఎంబ్రాయిడరీ మెషీన్, పైన మా కాపురం. మెషీన్ దగ్గర మా పిన్ని కూర్చుంటుంది (నిజానికి నిలబడుతుంది, కుర్చీలో బట్టల మూటలు కూర్చుంటాయి). రంగుదారాలు పైనుంచి సూదిలోకి దిగుతాయి. కింద బాబిన్ అనే చిన్న చక్రం మీద తెల్లదారం ఉంటుంది. పైదారాన్ని బట్టకు పట్టి ఉంచేది అదే. అది అయిపోయిందా, సూది ఎంత ఎగిరినా నీటి మీద రాతే.

పిన్ని బాబిన్ ఎంచే పద్ధతి ఇలా ఉండేది. డబ్బాలో చెయ్యి పెట్టేది. అంచు వంగినదైతే కిటికీలోంచి విసిరేది. మంచిదైతే చుట్టే యంత్రానికి తగిలించి, వేగం ఎక్కువైతే దారం సాగిపోతుందని నిదానంగా తిప్పుతూ, అంచుకు కాస్త తక్కువగా నింపేది. తర్వాత దాన్ని మెషీన్ అడుగున ఇమిడే చిన్న లోహపు డబ్బీలో పెట్టి, దారం కొస పట్టుకుని వేలాడదీసి, చేతిని ఒక్కసారి ఎగరేసేది. వేలెడు జారి ఆగితే సరే. జర్రున జారితే వదులు, కదలకపోతే బిగువు. మా ఆవిడ మీద నాకు చాడీలు చెబుతూనే ఆమె ఇదంతా కానిచ్చేసేది.

ఇంత ముఖ్యమైన పని ఇంత తేలిగ్గా జరిగిపోవడం మా బావమరిదిని కలచివేసింది. అతను యాజమాన్య శిక్షణ పూర్తి చేశాడు. అతని అర్హతను అందుకోగల ఉద్యోగం ఇంకా పుట్టకపోవడంతో మా ఇంట్లో ఉంటున్నాడు.

“బావా, ఇక్కడ సిస్టమ్ లేదు.”

“పని జరుగుతోంది కదరా.”

“అదే ప్రమాదం. ఎలా జరుగుతోందో ఎవరికీ తెలీదు.”

మా ఆవిడ నా వైపు చూసింది. ‘మా తమ్ముణ్ణి చిన్నబుచ్చారో!’ అని దాని అర్థం. మర్నాడే బాబిన్ విభాగం వెలిసింది.

దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, ఫిర్యాదుల అధికారి బావమరిదే. నిష్పక్షపాతం కోసం వాళ్ళక్కను సభ్యురాలిగా వేసుకున్నాడు. ఇంట్లో చుట్టుకునే లోహపు బాబిన్లను శాశ్వత ఉద్యోగులుగా గుర్తించి, బజార్లో చుట్టి అమ్మేవాటిని రద్దు చేశాడు (వాటి పూర్వాపరాలు తెలియవట). వేలాడదీసి చూడటానికి ‘లంబ పరీక్ష’ అని పేరు పెట్టి, సాక్షి సమక్షంలోనే జరగాలన్నాడు. సాక్షి (మా ఆవిడే) మేడ మీద కూర వండుతూ ఉండేది. పిన్ని మెట్ల కింద నిలబడి, “అమ్మాయ్, జారింది చూడు!” అని కేకేస్తే, పైనుంచి “చూశానత్తయ్యా!” అని జవాబొచ్చేది. నిబంధన నెరవేరేది.

ఆఖరి సంస్కరణ, చుట్టే యంత్రానికి తాళం. ఇకమీదట దారం అతనే చుడతాడు. ఒక చొక్కాకు ఒక బాబిన్, సరిగ్గా కావలసినంతే. అదనంగా కావాలంటే అతను తయారుచేసిన యాప్‌లో అర్జీ పెట్టుకోవాలి.

“దారానికి లేని దురద నీకెందుకు నాయనా?” అంది పిన్ని.

“వృథాను అరికట్టాలి కదా అత్తయ్యగారూ.”

సరిగ్గా అప్పుడే లైసెన్సుల కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. మా దుకాణం లైసెన్సు అక్కడ పరిశీలనలో ఉంది (ఉంది అంటే, పడి ఉంది). అది చేతికి రాకపోతే దుకాణం మూసుకోవడమే. కౌంటర్ సిబ్బంది చొక్కాల జేబుల మీద “ఇక్కడ ఆలస్యం లేదు” అని కుట్టి ఇవ్వమన్నారు అధికారిగారు.

“ముందు చొక్కాలు రానివ్వండి. మీ ఫైలు సంగతి తర్వాత చూద్దాం.”

బావమరిది కాగితం ముందేసుకుని నినాదంలో అక్షరాలు లెక్కపెట్టి, దాని ప్రకారం దారం చుట్టాడు. ఒత్తులు, సున్నాలు, కొమ్ములు, ఏత్వాలు లెక్కలోకి తీసుకోలేదు. అవి ఇతరులను ఆశ్రయించి బతికేవని అతని అభిప్రాయం (తను మా ఇంట్లో ఉండటం వేరే సంగతి).

మొదటి చొక్కా మీద “ఇక్కడ ఆలస్యం” అని కుట్టి మెషీన్ కీచుమని ఆగిపోయింది. బాబిన్ ఖాళీ. పిన్ని అర్జీ పెట్టింది. ‘అదనపు బాబిన్ కొరకు, పూర్తయిన చొక్కా ఫొటో జతపరచండి’ అంది యాప్.

“పూర్తి కాలేదనే కదరా బాబిన్ అడుగుతున్నాం?” అన్నాను బావమరిదితో.

అతను గడ్డం నిమురుకున్నాడు. “ఇది విధానపరమైన సమస్య బావా. విడివిడిగా తేలదు. ముందు చొక్కాలన్నిటినీ ‘ఆలస్యం’ దాకా తీసుకురండి. మిగిలిన ‘లేదు’లన్నీ ఒకేసారి మంజూరు చేస్తా.”

తీసుకొచ్చాం. ఇవ్వాల్సిన రోజు పొద్దున్నే అతనికి ఏదో ఉద్యోగం ఇంటర్వ్యూ తగిలి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. నేను సుత్తి తీశాను. మా ఆవిడ మెట్ల మీద నిలబడి, “అది పగలగొడితే వాడు మళ్ళీ ఈ గడప తొక్కుతాడా?” అంది. ఆ ప్రశ్నలో నాకు కనపడిన ఆశ ఆమెకు కనపడలేదు. సుత్తి దించాను.

అంతలో కార్యాలయం బంట్రోతు వచ్చాడు. ఒక్క పూట ఆగమని బతిమాలాను.

“ఆలస్యమైతే సారు ఊరుకోరండీ,” అంటూ చొక్కాలు మూటగట్టుకుపోయాడు.

పిన్ని పగలబడి నవ్వింది. “ఉన్నమాటేగా కుట్టాం, ఉలుకెందుకు?” అంది. సాయంత్రం మాత్రం మెషీన్‌ను ఎప్పుడూ తుడిచే దానికంటే ఎక్కువసేపు తుడిచింది. గుడ్డ కప్పుతూ, “ఇది పోతే, ఈ వయసులో నాకింకో మెషీన్ ఎవరప్పగిస్తారురా?” అంది.

కొన్నాళ్ళకు కార్యాలయం నుంచి కబురొచ్చింది. చేతులు నలుపుకుంటూ వెళ్ళాను. కౌంటర్ ముందు ఒకాయన కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. గుమస్తా జేబు మీది మాటలు ఆయన చదివాడు. ఓ నిట్టూర్పు విడిచి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని బయటికి నడిచాడు. వెనకాయన ముందుకు జరిగి తనూ చదువుకున్నాడు.

అధికారిగారు కూడా ఆ చొక్కాలోనే ఉన్నారు.

“నినాదంలో ఒక మాట తగ్గింది,” అన్నారు.

“పొరపాటైంది సార్, వెంటనే సరిచేయిస్తాను...”

“వద్దు వద్దు. ఇదివరకు గోడ మీద ‘ఆలస్యం లేదు’ అని రాయించాం. జనం దాన్ని చూపించి మా మీద కలబడేవాళ్ళు. ఇప్పుడు అందరూ మర్యాదగా ఇళ్ళకెళ్తున్నారు. మిగతా శాఖల చొక్కాలకూ ఇదే కుట్టండి.”

ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, “మరి మా లైసెన్సు, సార్?” అని అడిగేశాను.

ఆయన జేబు సర్దుకుని, నాకు బాగా కనపడేలా కాస్త ముందుకు వంగారు.