ఎనభై ఎనిమిదో చుట్టు

హాన్‌ఫోర్డ్ కౌంటీ కమిషనర్ల మండలి 1997 మార్చి రెండో మంగళవారంనాడు సమావేశమై, తమ కౌంటీకి చరిత్ర కలదని ఏకగ్రీవంగా తీర్మానించింది. అంతవరకూ ఆ అవసరం ఎవరికీ కలగలేదు. ఉత్తర కరొలైనా కొండల దాపునున్న ఆ కౌంటీలో బట్టల మిల్లు మూతపడింది, కుర్చీల ఫ్యాక్టరీ మూతపడింది, కోళ్ళు మాత్రం నిరాటంకంగా గుడ్లు పెడుతున్నాయి. వీటిలో దేన్నయినా చరిత్ర అనవచ్చునని తోచడానికి ఒక ఉత్తరం రావలసి వచ్చింది.

ఉత్తరం రాసింది స్టాక్ కారు పందేలను ఏలే సంస్థ. హాన్‌ఫోర్డ్ ట్రాక్ మీద ఏటా జరిగే పెద్ద పందేన్ని ఎడారిలోని ఒక జూదశాలల నగరానికి తరలించే ఆలోచన ఉన్నదనీ, అక్కడ అద్దాల గదుల్లో, పందేనికి వీపు పెట్టి కూర్చుని భోజనం చేసే సదుపాయం కలదనీ అందులో ఉంది. అయితే వారసత్వ ప్రాముఖ్యం గల ట్రాకుల విషయంలో సంస్థ సానుభూతితో ఆలోచించగలదట. ఆ ప్రాముఖ్యాన్ని స్వతంత్ర నిపుణుడెవరైనా ధ్రువీకరించాలట. ఆ ఒక్క వారాంతానికి వచ్చే జనం మీదే ఊళ్ళో రెండు హోటళ్ళు, పదకొండు చర్చిల వంటశాలలు, ఒక పళ్ళ డాక్టరు ఏడాదంతా బతుకుతున్నారు. పందెం పోతే ఊరు పోయినట్టే. కనుక చరిత్ర ఉండక తప్పదు.

స్వతంత్ర నిపుణుడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. హోరేస్ టిల్లీ ఉన్నత పాఠశాలలో ముప్ఫైయయిదేళ్ళు భౌతికశాస్త్రం బోధించి విరమించినవాడు. శనివారాలు ట్రాక్ మీద కార్ల చుట్లు లెక్కపెట్టే బృందానికి పెద్ద. చీలిన పుల్ల పట్టుకుని భూమిలో నీళ్ళు కనిపెడతానన్నవాణ్ణీ, వానకోసం ప్రార్థనాదినం ప్రకటించిన గవర్నరునూ పత్రికకు ఉత్తరాలు రాసి ఖండించినవాడు. ఆయనంటే ఊరికి గౌరవం, అంటే ఆయన వస్తుంటే మాట మార్చేవారు. పరీక్షించి చూడనిదే ఆయన దేన్నీ అంగీకరించలేదు. తన మీద తనకున్న అభిప్రాయాన్ని పరీక్షించే సందర్భం మాత్రం రాలేదు.

అంతటి హేతువాది గుండ్రటి ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరిగే కార్ల వెంట నలభై ఏళ్ళు ఎలా పడ్డాడని అడగవచ్చు. స్టాక్ కారు అంటే దుకాణంలో దొరికే మామూలు కారు అని అర్థం. నేటి స్టాక్ కారుకు తలుపులు తెరుచుకోవు. ముందు లైట్లంటే లైట్ల బొమ్మలు అచ్చువేసిన స్టిక్కర్లే. ఆదివారంనాడు ఆ బొమ్మ లైట్లు గెలవడం చూసి, జనం సోమవారం వెళ్ళి నిజం లైట్లున్న కారు కొంటారు. దేవుణ్ణి నమ్మని టిల్లీకి ఇందులో వింతేమీ కనిపించలేదు. చుట్లు లెక్కకు అందుతాయి. ఆయనకు అది చాలు.

మండలి ఎంచుకున్న చరిత్ర ఇది. 1954 జూన్‌లో ఓథో గోఫోర్త్ అనే స్థానిక వీరుడు, నాటుసారా చేరవేసే కారుతోనే పందేనికి వచ్చి, రెండు వందల చుట్లూ తిరిగి, క్లీట్ అబ్షర్ అనేవాణ్ణి ఒక్క బంపరు తేడాతో ఓడించి, కప్పు పక్క సీట్లో పడేసి, మిగిలిన సారా చేరవేయడానికి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఈ క్రీడ నాటుసారా రవాణాలోంచి పుట్టిందనడంలో కొంత నిజం ఉంది. కొంత నిజం ఉన్నచోట మిగతాది పూడ్చుకోవడం కష్టం కాదు. ఒక తరం కిందట తాత జైలుకు వెళ్ళిన సంగతి దాచుకున్న కుటుంబాలు ఇప్పుడా తీర్పు ప్రతికి చట్రం కట్టించి ముందుగదిలో వేలాడదీస్తున్నాయి. తమ తాత జన్మలో చుక్క ముట్టలేదని రికార్డుల్లో తేలినందుకు ఒక చర్చి పెద్ద కుటుంబం మండలి ఎదుట కంటతడి పెట్టింది.

టిల్లీ ఆరు వారాలు పరిశోధించి, ఓథో చేరవేసినవి కోడిగుడ్లని నివేదించాడు.

"గుడ్లా?" అన్నాడు మండలి అధ్యక్షుడు వేడ్ స్టైక్‌లెదర్. ఆయన వృత్తి పాత కార్ల అమ్మకం.

"గుడ్లే. వారానికి నాలుగు వందల డజన్లు. రసీదులున్నాయి."

"గుడ్ల కింద ఏముండేది మేష్టారూ?"

"గడ్డి."

"గడ్డి కింద?"

"కారు."

"మీరింకాస్త లోతుగా వెతకలేదేమో."

"కారు కింద రోడ్డుండేది, వేడ్."

గుడ్డు పగలకుండా మలుపు తిప్పడం నేర్చినవాడికే మట్టి ట్రాక్ వశమవుతుందనీ, ఇది సారా కన్నా గొప్ప విశేషమనీ టిల్లీ వివరించాడు. మండలి ఆ గొప్పతనాన్ని గుర్తించలేకపోయింది.

"సరే, గుడ్లు పక్కన పెట్టండి," అన్నాడు స్టైక్‌లెదర్. "పందెం జరిగిందా లేదా? మనవాడు గెలిచాడా లేదా? ఆ ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి చాలు. ఆవేళ లెక్కపెట్టినవాళ్ళలో మీరూ ఒకరు. మీ లెక్క మీరే కాదంటారా ఏమిటి?"

టిల్లీ సంతోషంగా ఒప్పుకున్నాడు. సాక్ష్యమూ ప్రజాప్రయోజనమూ ఒకే వైపు నిలబడడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఆ రోజుల్లో ఒక్కో కారుకు ఒక్కో లెక్కదారు ఉండేవారు. తమ కారు ఎదుటినుంచి వెళ్ళినప్పుడల్లా పెద్ద గడియారం చూసి కార్డు మీద సమయం రాయాలి. కారు ఆగితే పక్క గడిలో గుర్తు పెట్టాలి. లెక్కదారులుగా సాధారణంగా డ్రైవర్ల భార్యలు, చెల్లెళ్ళు, బావమరుదులు కూర్చునేవారు. నిష్పాక్షికతకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఎవరికీ తోచలేదు. ఓథో కారును అతని చిన్నాన్న కూతురు నెట్టీ లెక్కపెట్టింది. ఊళ్ళో చుట్టాలు లేని అబ్షర్‌కు, పంతొమ్మిదేళ్ళ టిల్లీని ఇచ్చారు. ఆ కార్డులన్నీ ఇప్పుడు టిల్లీ ఇంటి నేలమాళిగలో, సంవత్సరాల వారీగా, చెదలమందు చల్లిన పెట్టెల్లో ఉన్నాయి.

అబ్షర్ కార్డు మీద ఎనభై ఏడో చుట్టుకు ఇరవైయారు సెకన్లు పట్టింది. ఎనభై తొమ్మిదో చుట్టుకూ ఇరవైయారే. ఎనభై ఎనిమిదో చుట్టుకు యాభైరెండు.

టిల్లీ కుర్చీ లాక్కుని తర్కించాడు. అయితే కారు ఆగి ఉండాలి, లేదా ఒక చుట్టు తాను చూడకుండా పోయి ఉండాలి. కారు ఆగి ఉంటే తాను గుర్తు పెట్టేవాడు. గుర్తు లేదు. కనుక కారు ఆగలేదు. కనుక ఒక చుట్టు లెక్కలోంచి జారిపోయింది. కనుక బంపరు తేడాతో ఓడినవాడు నిజానికి ఒక పూర్తి చుట్టు తేడాతో గెలిచాడు. ఈ తర్కంలో ఆయనకు లోపమేదీ కనిపించలేదు.

వంటింట్లో నెట్టీ చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పందేనికి మరుసటి ఏడే వాళ్ళ పెళ్ళయింది.

"నెట్టీ, ఆ రోజు సగం పందెం కాకముందు నేనేం చేస్తున్నానో గుర్తుందా?"

"నాకు అపకేంద్రబలం గురించి చెబుతున్నావు."

"అసలు అలాంటి బలమే లేదు."

"అదే చెబుతున్నావు, లేదని. చాలాసేపు చెప్పావు."

"మరి నువ్వు నీ చుట్లు ఎలా రాశావు?"

"నేను వినలేదుగా."

"ఇన్నేళ్ళూ విన్నావనుకున్నాను."

"పెళ్ళి చేసుకున్నాను కదా, అది చాలదూ." ఆమె అతని చేతిలోని కార్డు వైపు చూసింది. "ఇది బయటపెడతావా ఏమిటి? పందెం పోతే?"

"నిజం పోతే?"

"నిజం పోతే హోటళ్ళు మూతపడవు, హోరేస్."

టిల్లీ రెండు రోజులు మథనపడ్డాడు. ఊరు పాడవుతుందేమోనన్న బాధ నిజమైనదే. అయితే ఆ బాధ అడుగున మరో భావం వెచ్చగా కదలసాగింది. ఆ కౌంటీలో పదిమంది ఎదుట తప్పు ఒప్పుకున్నవాడు ఇంతవరకూ లేడు. వినయంలోనూ తానే ప్రథముడు కాబోతున్నాడు.

ముందుగా అబ్షర్‌కు చెప్పడం న్యాయం. అబ్షర్‌కు ఇప్పుడు అరవైయేడేళ్ళు. ఊరి చివర రేకుల షెడ్డులో సైలెన్సర్లు బాగుచేస్తున్నాడు. టిల్లీ వెళ్ళేసరికి టమాటా ముక్కలు పెట్టిన రొట్టె తింటున్నాడు.

"అబ్షర్ గారూ, నలభై మూడేళ్ళ కిందట మీకు నావల్ల అన్యాయం జరిగింది," అని మొదలుపెట్టి, టిల్లీ గళ్ళ కాగితం పరిచి నలభై నిమిషాలు వివరించాడు. అబ్షర్ నములుతూ విన్నాడు.

మధ్యలో ఒకసారి, "ఆవేళ మట్టి బాగా ఎగిరి..." అనబోయాడు.

"మట్టి రాపిడి కూడా లెక్కలోకి తీసుకున్నాను," అన్నాడు టిల్లీ.

"అలాగా."

"గెలిచింది మీరే."

"చదువుకున్నవారు, మీరంటే సరే మేష్టారూ. రొట్టె తింటారా?"

మే నెలలో, కౌంటీ చరిత్రను ధ్రువీకరించే సభ జరిగింది. సంస్థ తరఫున ప్రచార విభాగం ఉపాధ్యక్షురాలు, ఇద్దరు లాయర్లు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. టిల్లీ లేచి, హాన్‌ఫోర్డ్ చరిత్ర తప్పనీ, ఆ తప్పు తనదేననీ, కార్డు పైకెత్తి చూపించి చెప్పాడు. గొంతు వణికింది, వణకడం తగిన మోతాదులోనే ఉందని ఆయనకు అనిపించింది. హోటళ్ళ యజమానులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. స్టైక్‌లెదర్ కర్చీఫు తీశాడు.

ఉపాధ్యక్షురాలు వంగి ఆయన చెవిలో అంది: "గెలిచినవాడి కథ ప్రతి ట్రాక్‌కీ ఉందండీ. మోసపోయినవాడు ఎక్కడున్నాడు చెప్పండి?"

స్టైక్‌లెదర్ కర్చీఫు జేబులో పెట్టుకుని మైకు అందుకున్నాడు.

"సోదర సోదరీమణులారా, ఈ దేశంలో అన్యాయాలకు కొదవలేదు. కానీ లిఖితపూర్వకంగా, సంతకంతో సహా, శాస్త్రవేత్త చేత ధ్రువపడిన అన్యాయం మరే కౌంటీకి ఉంది? మన తండ్రులు దీన్ని మనకు తెలియకుండా భద్రపరిచారు. దీన్ని చెక్కుచెదరకుండా మన బిడ్డలకు అందించే పవిత్ర బాధ్యత మన మీద ఉంది."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. టిల్లీకి కూడా కొట్టారు. మొత్తంమీద ఎవరికి కొడుతున్నారో తేల్చుకోవలసిన పని పడలేదు.

పందెం హాన్‌ఫోర్డ్‌లోనే 2002 దాకా ఉంటుందని ఒప్పందం కుదిరింది. దానికి 'జారిన చుట్టు పందెం' అని పేరు పెట్టారు. కళ్ళజోళ్ళ దుకాణాలవారు స్పాన్సరు చేశారు. అబ్షర్ గెలిచాడనేవారికి ఎర్ర టోపీలు, ఓథో గెలిచాడనేవారికి నీలం టోపీలు అమ్మకానికి వచ్చాయి. రెండూ ఒకే ఫ్యాక్టరీలో తయారయ్యాయి. జూన్ వచ్చేసరికి, అరవై ఏళ్ళుగా ఒకే బెంచీ మీద కూర్చుని స్తోత్రాలు పాడిన కుటుంబాలు చర్చిలో అటొకరు ఇటొకరు కూర్చుంటున్నాయి.

స్టాక్ కారు పందెంలో అసలు శ్రమ గెలిచిన తర్వాతే మొదలవుతుంది. విజేత కారు పక్కన నిలబడి, ఒక్కో స్పాన్సరు టోపీ పెట్టుకుని, ఫొటో దిగి, అది తీసి మరొకటి పెట్టుకోవాలి. ఆ ఏడాది విజేతకు అటు అబ్షర్‌నూ ఇటు టిల్లీనీ నిలబెట్టారు. ఇరవైమూడు టోపీలు. పద్దెనిమిదో టోపీ బ్యాటరీలవారిది. దాని తర్వాత విజేతను టీవీవాళ్ళు పక్కకు పిలిచారు. అబ్షర్ జరిగి దగ్గరికి వచ్చాడు.

"మేష్టారూ, మీరింక మనసు కష్టపెట్టుకోకండి. ఆ చుట్టులో నేను ఆగాను."

"ఏమిటీ?"

"అద్దం నిండా మట్టి కొట్టింది. ఆగి గుడ్డతో తుడుచుకుని పోయాను. మీ లెక్క సరిగ్గానే ఉంది. టోపీ మార్చండి, ఫొటోవాళ్ళు చూస్తున్నారు."

టిల్లీ కుక్కల నులిపురుగు మందు కంపెనీ టోపీ పెట్టుకున్నాడు.

"మీ షెడ్డుకు వచ్చినప్పుడు చెప్పలేదేం?"

"మీరు అడగడానికి రాలేదు కదా. చెప్పడానికి వచ్చారు."

"అయితే ఇప్పుడు పదండి. ఇద్దరం మైకు దగ్గరికి వెళ్దాం."

"ఎలా కుదురుతుంది మేష్టారూ? 2002 డిసెంబరు ముప్ఫై ఒకటి దాకా నేను మోసపోయినవాణ్ణి. కాగితం మీద సంతకం పెట్టాను."

టిల్లీ ఆ రాత్రే పత్రికకు ఉత్తరం రాశాడు. తాను తప్పు చేయలేదనీ, తప్పు చేశానని ఒప్పుకోవడమే తన తప్పనీ రాసి, నాలుగుసార్లు దిద్దాడు. నెట్టీ చదివి కళ్ళద్దాలు తీసింది.

"అతను ఆగాడని నీకెలా తెలుసు?"

"అతనే చెప్పాడు."

"నీ మొహం చూసి జాలిపడి చెప్పాడేమో."

అయినా టిల్లీ ఉత్తరం పోస్టు చేశాడు.

అచ్చయిన వారానికి జవాబులు వచ్చాయి. వాటిలో ఒకటి ఆయన పాత విద్యార్థిని, ఇప్పుడు అదే బడిలో అదే పాఠం చెబుతున్న లోరీన్ షూక్ రాసింది. "టిల్లీ గారు ఆ సమయంలో తాము ట్రాక్ వైపు చూడలేదని స్వయంగా ఒప్పుకున్నారు. చూడనివారు కారు ఆగిందనీ చెప్పలేరు, ఆగలేదనీ చెప్పలేరు. ఋజువు చూపించేవరకూ ఆయన పాత మాటనూ కొత్త మాటనూ కూడా అంగీకరించడానికి వీల్లేదు." ఓథో గెలిచాడని నలభై మూడేళ్ళు ఋజువు లేకుండా నమ్మి, గెలవలేదని అరగంటలో ఋజువు లేకుండా నమ్మిన ఊరు, మొట్టమొదటిసారిగా ఋజువు అడిగింది. టిల్లీ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. లోపం కనిపించలేదు. ఎర్ర పెన్ను తీసి, కింద పూర్తి మార్కులు వేశాడు.

హాన్‌ఫోర్డ్ పందేనికి టిక్కెట్లు ఇంకా ఉన్నాయి. కారు ఆగిందన్న అబ్షర్ మాటను విన్న వెంటనే, నెట్టీ అడిగిన ప్రశ్న అడగకుండానే, నమ్మేసిన పాఠకులందరికీ ఓథో పక్షంవారి నీలం టోపీ ఉచితం.